హైదరాబాదు ఎఫ్.సి. ఆటతీరు

హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు (సంక్షిప్తంగా హైదరాబాదు ఎఫ్.సి.) 2019 నుండి 2025 వరకు ఇండియన్ సూపర్ లీగ్‌లో హైదరాబాదు నగరానికి ప్రాతినిధ్యం వహించిన వృత్తి ఫుట్‌బాల్ జట్టు. స్పెయిన్ దేశస్థుడైన మనోలో మార్క్వెజ్ శిక్షణలో 2020-21 నుండి 2022-23 వరకు మూడు సీజన్లలో ఈ జట్టు దాడి ప్రధానమైన ఆటకు పేరు పొందినది. 2021-22 సీజనులో లీగు విజేతగా నిలిచినది. ఆ తరువాత రెండేళ్ళకే పట్టికలో అట్టడుగుకు చేరినది. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకున్నది. జట్టు దాడి ఏ విధంగా నిర్మితమైనది, అది ఎందువలన నిలువలేకపోయినది అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

నేపథ్యం

పుణె సిటీ క్లబ్బు స్థానంలో 2019 ఆగష్టులో హైదరాబాదు ఎఫ్.సి. ఏర్పడినది. గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి స్టేడియం దీని సొంత మైదానం. తొలి సీజనులో ఇంగ్లాండుకు చెందిన ఫిల్ బ్రౌన్ శిక్షకుడు. మొట్టమొదటి మ్యాచ్‌లో కోల్‌కతాలో ఎ.టి.కె. చేతిలో 0-5తో ఓడిన ఈ జట్టు, 18 మ్యాచ్‌లలో రెండు మాత్రమే గెలిచి పది జట్లలో చివరి స్థానం పొందినది. తరువాత నియమితుడైన ఆల్బర్ట్ రోకా 2020 ఆగష్టులో బార్సెలోనా క్లబ్బుకు వెళ్ళిపోగా, అదే నెలాఖరున మార్క్వెజ్ బాధ్యత స్వీకరించాడు. ఇతడు అంతకు మునుపు స్పెయిన్ అగ్రశ్రేణి లీగులో లాస్ పాల్మాస్ జట్టుకు కొంతకాలం శిక్షకుడుగా ఉన్నాడు.

మార్క్వెజ్ వచ్చేనాటికి పేరున్న ఆటగాళ్ళు జట్టులో తక్కువ. అందువలన అతడు ఇరవై ఏళ్ళ ప్రాయంలో ఉన్న భారతీయ ఆటగాళ్ళను మొదటి జట్టులో నిలిపాడు. ఎడమవైపు ఆకాష్ మిశ్రా, కుడివైపు ఆశిష్ రాయ్, మధ్యలో హితేష్ శర్మ, ముందు వరుసలో లిస్టన్ కొలాసో, మొహమ్మద్ యాసిర్ ఈ విధంగా స్థిరపడినవారే. 2021 మార్చిలో దుబాయిలో ఒమాన్‌తో జరిగిన స్నేహపూర్వక మ్యాచ్‌లో ఆకాష్ మిశ్రా, మధ్య డిఫెండరు చింగ్లెన్‌సానా సింగ్ భారత జట్టు తరఫున తొలిసారి ఆడారు.

2021-22 నుండి లీగు నిబంధన మారినది. అంతవరకు మైదానంలో ఐదుగురు విదేశీయులు ఆడుటకు వీలుండగా, ఆ సంఖ్య నాలుగుకు తగ్గినది. అనగా పదకొండుమందిలో కనీసం ఏడుగురు భారతీయులు ఉండవలెను. ఇతర జట్లు భారతీయ ఆటగాళ్ళ కోసం వెదకుకొనే సమయానికి హైదరాబాదు జట్టుకు ఒక సీజను అనుభవం గల యువకులు సిద్ధంగా ఉన్నారు. తరువాతి విజయాలకు ఇది ప్రధాన కారణాలలో ఒకటి.

మైదానంలో అమరిక

జట్టు సాధారణంగా 4-2-3-1 అమరికలో ఆడేది. గోలుకీపరు ముందు నలుగురు డిఫెండర్లు, వారి ముందు ఇద్దరు మధ్య ఆటగాళ్ళు, ఆ పైన ముగ్గురు దాడి ఆటగాళ్ళు, అందరికంటే ముందు ఒక ఫార్వర్డు అని దీని అర్థం. బంతి ప్రత్యర్థి వద్ద ఉన్నప్పుడు ఇదే 4-4-2గా మారేది. కొన్ని మ్యాచ్‌లలో బార్తొలొమ్యూ ఒగ్బెచే, జేవియర్ సివేరియో ఇద్దరూ ముందు వరుసలో కలిసి ఆడేవారు.

ఈ అమరికలో కీలకం ఇద్దరు మధ్య ఆటగాళ్ళ జోడి. బ్రెజిల్‌కు చెందిన జట్టు నాయకుడు జొవావో విక్టర్ వీరిలో ప్రధానుడు. ఇతని పక్కన హితేష్ శర్మ, సౌవిక్ చక్రవర్తి, సాహిల్ తవోరా వంటివారు ఆడేవారు. ఈ జోడి వెనుక నిలబడి కాపు కాయడం వలననే అంచున ఉండే డిఫెండర్లు నిర్భయంగా ముందుకు పోగలిగేవారు.

దాడి నిర్మాణం

ఈ జట్టు దాడిని మూడు దశలుగా చెప్పుకోవచ్చును.

* మొదటి దశ: బంతిని గోలుకీపరు గాలిలోకి దూరంగా కొట్టుటకు బదులు మధ్య డిఫెండర్లకు అందించేవాడు. జొవావో విక్టర్ వారి దగ్గరకు దిగివచ్చి బంతిని తీసుకొనేవాడు. ప్రత్యర్థి ఫార్వర్డులు బంతి కోసం ముందుకు వచ్చినచో వారి వెనుక ఖాళీ ఏర్పడేది. ఆ ఖాళీయే తరువాతి పాసుకు గమ్యం.

* రెండవ దశ: అంచు ఆటగాళ్ళు గీతను అంటిపెట్టుకొని ఉండక మైదానం లోపలికి కదిలేవారు. వారిని కాపు కాస్తున్న ప్రత్యర్థి డిఫెండరు కూడా లోపలికి వచ్చేవాడు. దానితో గీత పక్కన ఏర్పడిన దారిలో ఆకాష్ మిశ్రా లేదా ఆశిష్ రాయ్ వెనుక నుండి పరుగెత్తుకొని వచ్చేవారు. అంచు ఆటగాడు, మధ్య ఆటగాడు, అంచు డిఫెండరు ముగ్గురూ త్రిభుజాకారంలో నిలిచి చిన్న పాసులతో ముందుకు సాగడం ఈ జట్టుకు గుర్తు వంటిది.

* మూడవ దశ: గీత పక్కన నుండి బంతి గోలు ముందుకు వచ్చేది. అప్పటికే ఫార్వర్డుతో బాటు ఎదురు అంచు ఆటగాడు, ఎదూ గార్సియా లేదా జోయెల్ కియానీస్ వంటి దాడి ఆటగాడు పెనాల్టీ ప్రాంతంలోకి చేరి ఉండేవారు. ఒక్కరిని కాపు కాస్తే మరొకరు ఖాళీగా దొరికేవారు.

కార్నర్ కిక్కులు, ఫ్రీ కిక్కులు కూడా జట్టు ఆయుధాలే. ఎత్తరులైన మధ్య డిఫెండర్లు అట్టి సమయాలలో ముందుకు వచ్చి తలతో గోలుకు ప్రయత్నించేవారు.

బంతి పోయినప్పుడు

దాడి ఆటకు అతిపెద్ద ప్రమాదం ఎదురుదాడి. అంచు డిఫెండర్లిద్దరూ ముందుకు పోయినప్పుడు బంతి పోతే వెనుక ఇద్దరే మిగులుతారు. దీనికి విరుగుడుగా ఈ జట్టు బంతి పోయిన చోటనే, వెంటనే, దగ్గరలో ఉన్న ఇద్దరు ముగ్గురు ఆటగాళ్ళతో దానిని చుట్టుముట్టేది. అప్పటికీ బంతి దొరకనిచో అందరూ త్వరగా రెండు వరుసలుగా వెనుకకు సర్దుకొనేవారు. 2022-23లో 20 లీగు మ్యాచ్‌లలో 16 గోల్స్ మాత్రమే ఇచ్చుట ఈ క్రమశిక్షణకు నిదర్శనం. దాడి జట్టు అంటే రక్షణను విస్మరించిన జట్టు కాదని దీనివలన తెలియుచున్నది.

ఒగ్బెచే పాత్ర

నైజీరియాకు చెందిన ఒగ్బెచే 2002 ప్రపంచ కప్పులో తన దేశానికి ఆడినవాడు. 2021లో ముంబై సిటీ నుండి హైదరాబాదుకు వచ్చేనాటికి అతని వయస్సు 36 సంవత్సరాలు. 2021-22లో 18 గోల్స్ చేసి లీగులో అత్యధిక గోల్స్ చేసిన ఆటగాడుగా బహుమతి పొందాడు. జట్టు గోల్స్‌లో మూడవ వంతుకు మించి ఇతనివే. లీగులో మొత్తం 63 గోల్స్‌తో కొంతకాలం రికార్డు కూడా ఇతనిదే. తరువాత సునీల్ ఛెత్రి దానిని దాటాడు.

ఒగ్బెచే వేగం వయస్సుతో తగ్గినది. అతనికి సరిపడునట్లు జట్టు ఆట మలచబడినది. పరుగెత్తే పని అంచులలోని యువకులది. డిఫెండరును వీపుతో ఆపి బంతిని నిలుపుట, సరియైన చోట నిలబడి ఒక్క తాకుతో గోలు చేయుట ఒగ్బెచే పని. 2021 డిసెంబరులో ఒడిషాపై 6-1తో, 2022 జనవరిలో ఈస్ట్ బెంగాల్‌పై 4-0తో గెలిచిన మ్యాచ్‌లు ఈ పని విభజన ఫలించిన సందర్భాలు. ఈస్ట్ బెంగాల్‌పై ఒగ్బెచే మూడు గోల్స్ చేశాడు.

సీజన్ల వారీగా ఫలితాలు

* 2019-20: 10వ (చివరి) స్థానం, 10 పాయింట్లు
* 2020-21: 5వ స్థానం, 29 పాయింట్లు, చేసిన గోల్స్ 27, ఇచ్చినవి 19
* 2021-22: 2వ స్థానం, 38 పాయింట్లు, చేసిన గోల్స్ 43, ఇచ్చినవి 23; నాకౌట్ పోటీలలో గెలిచి విజేత
* 2022-23: 2వ స్థానం, 42 పాయింట్లు, చేసిన గోల్స్ 36, ఇచ్చినవి 16
* 2023-24: 12వ (చివరి) స్థానం, 8 పాయింట్లు, చేసిన గోల్స్ 10, ఇచ్చినవి 43
* 2024-25: 12వ స్థానం (13 జట్లలో), 18 పాయింట్లు

2021-22లో చేసిన గోల్స్ సంఖ్య, 2023-24లో ఇచ్చిన గోల్స్ సంఖ్య ఒకటే కావడం గమనార్హం.

2022 అంతిమ పోటీ

2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా మైదానంలో కేరళ బ్లాస్టర్స్‌తో అంతిమ పోటీ జరిగినది. 68వ నిమిషంలో కె.పి. రాహుల్ గోలుతో కేరళ ముందంజ వేసినది. 88వ నిమిషంలో మార్పిడి ఆటగాడుగా వచ్చిన సాహిల్ తవోరా దూరం నుండి బంతిని నేల తాకకుండానే కొట్టి సమం చేశాడు. అదనపు సమయంలో ఫలితం తేలలేదు. పెనాల్టీలలో గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపగా హైదరాబాదు 3-1తో గెలిచినది. సీజనంతా గోల్స్ చేసిన ఒగ్బెచే ఆనాడు గోలు చేయలేదు. జట్టును గట్టెక్కించినది ఒక మార్పిడి ఆటగాడు, ఒక గోలుకీపరు.

లోపాలు

ప్రత్యర్థి మొత్తం జట్టును వెనుకకు దించి గోలు ముందు కిక్కిరిసి నిలబడినప్పుడు ఈ ఆటతీరు తడబడేది. 2020-21లో 20 మ్యాచ్‌లలో 11 సమం కావడానికి ఇది ఒక కారణం. గెలిస్తే నాకౌట్ దశకు చేరగల చివరి మ్యాచ్‌లో గోవాతో 0-0తో సరిపెట్టుకొని జట్టు అవకాశం కోల్పోయినది. 2023 మార్చిలో ఎ.టి.కె. మోహన్ బగాన్‌తో సెమీఫైనల్ రెండు మ్యాచ్‌లూ 0-0గా ముగిసినవి. అదనపు సమయంతో కలిపి 210 నిమిషాలలో ఒక్క గోలు కూడా రాక, పెనాల్టీలలో జట్టు ఓడినది. లిస్టన్ కొలాసో 2021లోను, ఆశిష్ రాయ్ 2022లోను మోహన్ బగాన్‌కు వెళ్ళిపోవడంతో ఒంటరిగా డిఫెండరును దాటగల వేగం జట్టులో తగ్గినదని చెప్పవచ్చును.

రహీమ్ సంప్రదాయంతో పోలిక

హైదరాబాదుకు దాడి ఫుట్‌బాల్ కొత్త కాదు. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీమ్ (1909-1963) శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచినది. ఇతని శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణ పతకాలు సాధించి, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందినది. రహీమ్ ఆటగాళ్ళచే రెండు కాళ్ళతోను ఆడించేవాడు. వ్యక్తిగత విన్యాసాల కంటె పాసుకు ప్రాధాన్యం ఇచ్చేవాడు. 1962 అంతిమ పోటీలో తలకు గాయమైన డిఫెండరు జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డుగా నిలపగా అతడు కొరియాపై గోలు చేశాడు.

పాసుకు ప్రాధాన్యం, స్థానాల మార్పిడి, యువకులపై నమ్మకం అనే విషయాలలో మార్క్వెజ్ జట్టు రహీమ్ జట్లను గుర్తుకు తెస్తుంది. అయితే ముఖ్యమైన భేదం ఒకటి ఉన్నది. రహీమ్ ఆటగాళ్ళు హైదరాబాదు, సికింద్రాబాదు మైదానాలలో తయారైనవారు. తులసీదాస్ బలరామ్, పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్ ఈ జంటనగరాల నుండి భారత జట్టుకు ఎదిగినవారే. మార్క్వెజ్ జట్టులోని ప్రధాన ఆటగాళ్ళు సిక్కిం, ఉత్తర ప్రదేశ్, మణిపూర్, గోవా, బెంగాల్ రాష్ట్రాల నుండి వచ్చినవారు. పైగా కోవిడ్ కారణంగా 2020-21, 2021-22 సీజన్లు పూర్తిగా గోవాలోనే జరిగినవి. అనగా హైదరాబాదు జట్టు విజేత అయిన సీజనులో హైదరాబాదులో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. మార్క్వెజ్ జట్టు ఆటను నగర ప్రేక్షకులు తమ మైదానంలో చూడగలిగినది 2022-23 సీజను ఒక్కటే.

పతనం

2023 వేసవిలో మార్క్వెజ్ గోవా జట్టుకు, ఆకాష్ మిశ్రా ముంబై సిటీకి వెళ్ళిపోయారు. ఒగ్బెచే కూడా జట్టును వీడాడు. జీతాల బకాయిల కారణంగా కొత్త ఆటగాళ్ళ నమోదుపై ఫిఫా నిషేధం విధించినది. సీజను మధ్యలో మరెందరో ఆటగాళ్ళు, విదేశీయులలో అత్యధికులు వెళ్ళిపోయారు. శిక్షకుడు థాంగ్‌బోయ్ సింగ్తో మిగిలిన యువకులతో 22 మ్యాచ్‌లు నెట్టుకురాగా, జట్టు ఒకే ఒక్క మ్యాచ్ గెలిచినది. 2024లో బి.సి. జిందాల్ గ్రూపు యాజమాన్యం స్వీకరించినా పూర్వ వైభవం రాలేదు. మరుసటి ఏడాది క్లబ్బు నగరాన్నే విడిచినది.

పైన వివరించిన దాడి ఏ ఒక్క ఆటగాడి ప్రతిభపైననో ఆధారపడినది కాదు. మూడేళ్ళు కలిసి సాధన చేసిన పదిమంది ఒకరి కదలికను మరొకరు ముందుగా ఊహించడమే దాని బలం. అట్టి అవగాహన కొనుక్కొంటే వచ్చేది కాదు. జీతం అందని జట్టులో అది నిలిచేదీ కాదు. స్థానికంగా ఆటగాళ్ళను తయారుచేసే పునాది బలంగా ఉండినచో క్లబ్బు పోయినా ఆట మిగిలేది.

ప్రస్తుత పరిస్థితి

హైదరాబాదు క్లబ్బు తరలిపోవడంతో తెలుగు రాష్ట్రాలు రెండింటిలోను ఇండియన్ సూపర్ లీగ్ జట్టు లేకుండా పోయినది. హైదరాబాదుకే చెందిన శ్రీనిధి డెక్కన్ రెండవ శ్రేణి ఐ-లీగ్‌లో 2022-23, 2023-24 సీజన్లలో ద్వితీయ స్థానం పొందినది. కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతపు ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు వంటి ఊళ్ళు హైదరాబాదు, బెంగుళూరు నగరాల మధ్య ఉంటాయి. అక్కడి అభిమానులు అగ్రశ్రేణి జట్టు ఆటను దాని సొంత మైదానంలో చూడవలెనంటే ఇకపై దక్షిణ దిక్కుకే ప్రయాణించవలెను. పొరుగున అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు నెలకొల్పిన క్రీడా అకాడమీ గ్రామీణ బాలబాలికలకు ఫుట్‌బాల్ శిక్షణ ఇచ్చుట రాయలసీమలో చెప్పుకోదగిన ప్రయత్నం.

పాఠశాల జట్లకు ఉపకరించే అంశాలు

ఈ ఆటతీరులో ఖర్చు లేకుండా ఏ పాఠశాల మైదానంలోనైనా అభ్యాసం చేయదగినవి కొన్ని ఉన్నవి.

* ముగ్గురు త్రిభుజంగా నిలిచి, పాసు ఇచ్చిన వెంటనే ఖాళీ చోటికి కదులుట
* బలహీనమైన కాలితో కూడా పాసు ఇచ్చుట
* అంచు డిఫెండరు ముందుకు పోయినప్పుడు మధ్య ఆటగాడొకడు అతని చోటు కాపు కాయుట
* బంతి పోయిన వెంటనే దగ్గరలో ఉన్నవారు చుట్టుముట్టుట, దూరంలో ఉన్నవారు వెనుకకు సర్దుకొనుట

వీటిలో మొదటి రెండూ రహీమ్ తన ఆటగాళ్ళకు అలవరచినవి. చివరి రెండూ మార్క్వెజ్ జట్టు ఆటలో స్పష్టంగా కనిపించినవి.