ఇసుకలో బంగారం

మొన్న ఆదివారం మా బావమరిది చిల్లకూరు నుంచి వస్తూనే, "బావగారూ, మీ సరుగుడు తోపు లీజుకిచ్చెయ్యండి. అది ఇసుక కాదు, బంగారం!" అన్నాడు.

అబద్ధం కాదు. గూడూరుకు తూర్పున కోట, చిల్లకూరు తీరంలో తెల్ల ఇసుకనిండా సిలికాయే. ఇనుము పాలు ఎక్కువైతే గాజు పచ్చబారుతుంది. తక్కువైతేనే నీళ్లలా మెరుస్తుంది. పోతపని అచ్చులకూ ఇదే కావాలి. దాపునే కృష్ణపట్నం రేవు 2008లో వచ్చింది. పెట్టుబడిదారుల కన్ను పడక మానుతుందా?

మా ఆవిడ కాఫీ అందిస్తూ, "అత్తయ్య ఆ తోపులోనే చెలమ తీసి నీళ్లు తెచ్చేవారు కదూ?" అంది.

నాకు చురుక్కుమంది. సముద్రం కూతవేటు దూరం. చెలమలో నీళ్లు మాత్రం తియ్యన. వాననీటిని దాచి, ఉప్పునీటిని ఆపేది ఆ ఇసుకే గదా!

మన గూడూరు అభ్రకం సంగతి? 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమై, పెద్ద కొనుగోలుదారు పోయేసరికి ఆ వ్యాపారం చితికిపోయింది. గుంతలు మిగిలాయి.

పరిశ్రమ వద్దనడానికి నోరు రాదు. నా ముక్కు మీది కళ్లజోడూ ఒకనాటి ఇసుకే. కాని తవ్వకానికి లోతు తెలియాలి. బావమరిదికి రెండో కప్పు కాఫీ ఇప్పించాను. సంతకం మాత్రం పెట్టలేదు.

మీరైతే ఏం చేస్తారు?