కంప్యూటరు జ్ఞాపకశక్తి – మన వివేకం

పాతదైనంత మాత్రాన ఏ వస్తువూ పనికిరానిది కాదు. అయినా కంప్యూటరు కొంచెం మందగించగానే దానిని మూలకు నెట్టి క్రొత్తది కొనాలన్న మాట నేడు విద్యాసంస్థలలో తరచుగా వినిపిస్తున్నది. ఇది ఎంతవరకు సమంజసమో విద్యార్థులు యోచించవలసి ఉన్నది.

డిస్కు గ్రంథాలయంలోని బీరువా వంటిది. ర్యామ్ మనం చదువుకొనే బల్ల వంటిది. బల్ల ఇరుకైతే ఒక పుస్తకం తెరవడానికి మరొకదానిని బీరువాలో పెట్టి రావలసి వస్తుంది. ర్యామ్ నిండినప్పుడు యంత్రమూ ఇదే చేస్తుంది. తిరిగే పళ్ళెం గల డిస్కు ర్యామ్ కంటె వేల రెట్లు నిదానం. కనుకనే తెర స్తంభించిపోతుంది.

1969లో అపోలో 11 చంద్రునిపై దిగుతున్న వేళ, ఆ నౌకలోని కంప్యూటరుకు వ్రాసి చెరుపుకొనగల జ్ఞాపకశక్తి 2,048 పదాలు మాత్రమే. పనులు ఎక్కువై చోటు చాలక 1202 అనే హెచ్చరిక వచ్చింది. ఆ యంత్రం అప్రధానమైన పనులను విడిచి, దిగడానికి అవసరమైనవే కొనసాగించింది. ఉన్నదానిని పొదుపుగా వాడుకొనడానికి ఇంతకంటె నిదర్శనమేమి కావాలి?

గత ఏడాది నా కంప్యూటరులో ఉర్దూ, తెలుగు ప్రశ్నపత్రాలు రెండూ తెరిస్తే చాలు, కదలిక ఆగిపోయేది. దుకాణదారు క్రొత్తది కొనమన్నాడు. టాస్క్ మేనేజరులో చూస్తే 4 జీబీ ర్యామ్ పూర్తిగా నిండి ఉన్నది. మొదట, యంత్రం వేయగానే వాటంతటవే లేచే ప్రోగ్రాములను ఆపాను. సగం బాధ తీరింది. తరువాత మరొక 4 జీబీ స్టిక్ చేర్చాను. ఈ వ్యాసం ఆ యంత్రంపైననే వ్రాస్తున్నాను.

అయితే గుడ్డిగా కొనరాదు. డీడీఆర్3 స్థానంలో డీడీఆర్4 ఇమడదు. 32-బిట్ విండోస్ సాధారణంగా 4 జీబీకి మించి వాడుకొనలేదు. కొన్ని ల్యాప్‌టాపులలో ర్యామ్‌ను బోర్డుకే అతికిస్తారు. అక్కడ మార్పునకు వీలు లేదు. సమానమైన స్టిక్కులు రెండు జతగా వేస్తే, బోర్డు అనుమతించినచోట వేగం పెరుగుతుంది. సెట్టింగులలో వేగాన్ని హద్దు మీరి పెంచితే మాత్రం మన వ్రాతలే చెడిపోవచ్చు. ప్రాసెసరే బలహీనమైతే ఎంత ర్యామ్ చేర్చినా ఫలితం స్వల్పమే.

పరిమిత నిధులతో నడిచే కళాశాలలో ఒక యంత్రం మూలబడితే ఒక విద్యార్థి వంతు తప్పిపోయినట్లే. కనుక క్రొత్తదానికై అర్జీ వ్రాసే ముందు, పాత యంత్రపు మూత ఒకసారి తెరిచి చూద్దాం.