వకీలు యెదుట సగము మాట

మన కుటుంబములలో నొక విడాకుల వ్యవహారము ధర్మపురి కోర్టు మెట్లెక్కినపుడు వకీలుగారి గదిలోనికి పోవునది యెవరు? వ్యాజ్యము గల పిల్ల పోవును. ఆమెతో మేనమామ, పెదనాయన, సంఘములో నాలుగు మాటలు చెప్పగల యిద్దరు పెద్దలు పోవుదురు. కుర్చీలు పెద్దలకు, మాటయు పెద్దలకే. కాపురము చేసిన పిల్ల గోడవారగ నిలుచుండును. హొగేనక్కల్ మొదలు పెన్నాగరము వరకు గల మన తెలుగువారిలో ఈ యాచారము మర్యాదగా చెల్లుచున్నది. ఇది మర్యాద కాదు, ఆ పిల్లకు చేయు ద్రోహమని మేము చెప్పుచున్నాము.

ఆ పెద్దలు చేయు పని యేమి? జల్లెడ పట్టుట. అల్లుడు త్రాగివచ్చి కొట్టినాడని చెప్పుదురు; పిల్ల నగలు కుదువబెట్టి మన వ్యాపారమునకే వాడుకొంటిమని చెప్పరు. పెండ్లికి ముందు దాచిన జబ్బు సంగతి చెప్పరు. నడుమ రెండు తూరులు రాజీ చేసి పంపితిమని చెప్పరు. మేనరికములతో అల్లుకొనిన కుటుంబములు మనవి; ప్రతికక్షియు మన రక్తమే. అటువారి పరువు, ఇటువారి పరువు కాచుకొనుచు వకీలుకు సగము కథ యప్పగించి, ఆ సగముతోనే పూర్తి వ్యాజ్యము గెలిచి తెమ్మనుచున్నాము.

మేమును ఈ దోషము చేసినవారమే. కొన్ని యేండ్ల క్రిందట మా బంధువుల పిల్ల క్రూరత్వము కారణముగా విడాకులు కోరినపుడు వెంట పోయినవారిలో మేమొకరము. మొదటి దెబ్బల తరువాత ఆమె తిరిగి అత్తవారింటికి పోయి మూడు నెలలు కాపురము చేసియుండెను. అది చెప్పినచో వ్యాజ్యము పలుచబడునని మేమే ఆమె నోరు మూయించితిమి. ఎదురు విచారణనాడు ప్రతికక్షి వకీలు ఒక ఛాయాచిత్రము తీసి చూపెను. ఆడి పదునెనిమిది పండుగనాడు దంపతులిద్దరును ఇచటనే, కావేరిలో, పుట్టిలో కూర్చొని నవ్వుచున్నారు. మన వకీలు ఆ బొమ్మను మొదటిసారి చూచుట ఆ నిమిషముననే. ఆయన మా వైపు తిరిగి చూచిన చూపును మేము మరువలేదు. పిల్ల చెప్పిన దెబ్బలన్నియు నిజములే. ఐనను ఆనాటినుండి ఆమె మాటలో ఒక్కటియు కోర్టు నమ్మలేదు.

పుట్టి నడుపువాడు ఎందరెక్కుదురని యడిగినపుడు ఒకరిని దాచి చెప్పువాడు మన యూర లేడు. వకీలు అడిగినపుడు మాత్రము ఈ తెలివి యెచటికి పోవుచున్నదో!

ఆ మూడు నెలల సంగతి చిన్నది కాదు. హిందూ వివాహ చట్టము 23వ విభాగము ప్రకారము, క్రూరత్వమును క్షమించి కాపురము సాగించినవారికి ఆ కారణముపై కోర్టు సహాయము దొరకదు. 1975లో సుప్రీంకోర్టు తీర్చిన దాస్తానే వ్యాజ్యములో భర్త, భార్యవలన క్రూరత్వము రుజువు చేసియు, పిదప ఆమెతో కాపురము చేసినందున ఓడిపోయెను. అయితే ఆ తీర్పే మరియొక మాట చెప్పినది: క్షమ షరతు లేనిది కాదు, మరల తప్పు జరిగినచో పాత తప్పును లేచివచ్చును. మా పిల్లకు రాజీ తరువాతనే చేయి విరిగినది. వకీలుకు ఆ మూడు నెలలు తెలిసియుండినచో ఆయన ఆ విరిగిన చేతినే ముందు నిలిపియుండును. మేము బలహీనమని దాచినదే ఆమెకు బలము.

ధనము సంగతి ఇంకను అధ్వాన్నము. వర్తకులము గనుక మనకు చిట్టా ఒకటి, చాటుచిట్టా ఒకటి. 2020 నవంబరు 4న రజనేశ్–నేహా వ్యాజ్యమున సుప్రీంకోర్టు, భరణపు వ్యాజ్యములలో ఉభయులును తమ ఆదాయము, ఆస్తులు, అప్పులు ప్రమాణపత్రముగా దాఖలు చేయవలెనని ఆజ్ఞాపించినది. అబద్ధ ప్రమాణమునకు చర్య కలదనియు చెప్పినది. ఆ వ్యాజ్యముననే తాత్కాలిక భరణపు దరఖాస్తు 2013 నుండి ఏడేండ్లు నడిచినది! మగపిల్లవాని తండ్రులారా, దుకాణము తమ్ముని పేర మార్చి వకీలుకు చెప్పకున్నచో, మీరు మొదట మోసగించునది కోడలిని కాదు, మీ వకీలును. ఆయన వ్రాసిన ప్రమాణపత్రముపై సంతకము మీ కుమారునిది.

వకీలు బయట చెప్పునేమో, ఊరు చిన్నది, అందురు. కక్షిదారు చెప్పిన రహస్యమును అతని సమ్మతి లేక వకీలు వెల్లడింపరాదని 1872 నాటి సాక్ష్య చట్టము 126వ విభాగము నిషేధించినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 132వ విభాగమున ఆ రక్ష నిలిచియున్నది. దొంగపత్రము పుట్టింపుమని అడిగినవానికి అది లేదు. జరిగిపోయిన తప్పు చెప్పుకొన్నవానికి కలదు. మేమెరిగినంతలో ఊరికి పొక్కిన కథలు వకీలు గదినుండి పొక్కినవి కావు. వెంటపోయిన పెద్దల నోట, తిరుగుబస్సులో, ధర్మపురి దాటకమునుపే పొక్కినవి.

తమిళము రాదు గనుక తోడు పోవలెనను సాకొకటి మిగిలినది. మన తాతలనాట అది నిజము. నేడు మన పిల్లలు తమిళ బడులలో చదివినవారు. అర్జీని మనకే వారు చదివి వినిపించుచున్నారు. కావున పోవలసినచో పొండు. బస్సు చార్జీ యిండు, వకీలు ఫీజు యిండు, వరండాలోని బల్లమీద కూర్చుండుడు. గదిలోనికి పిల్లనొక్కదానినే పంపుడు. ఆమె యెంతసేపటికి బయటికి వచ్చినను, లోపల ఏమి చెప్పితివని యడుగకుడు.