తెర వెనుక కబుర్లు: తెగిన గీతను తెగినట్టే గీయండి

"‘ఆర్‌ఆర్‌ఆర్’ ఎన్నాళ్ళు తీశారు?" అని అడిగితే "మూడేళ్ళండీ!" అని ఠక్కున చెప్పేస్తారు మన అభిమానులు. 2018 నవంబర్‌లో మొదలై 2021 ఆగస్టుకు షూటింగ్ దాదాపు పూర్తయింది కాబట్టి లెక్క సరిగానే ఉన్నట్టుంటుంది. కానీ మధ్యలో 2019 ఏప్రిల్‌లో రామ్‌చరణ్ చీలమండకు దెబ్బ తగిలి పుణె షెడ్యూలు రద్దయింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి అక్టోబర్ దాకా కెమెరా మూలపడింది. 2021 వేసవిలో మళ్ళీ బ్రేకు. ఇదంతా చార్టు మీద ఒకే పొడుగాటి గీతగా గీస్తే ఏమనుకుంటాం? రాజమౌళిగారిది నత్తనడక అనేగా!

ఇలాంటి గీతల చార్టును గాంట్ చార్టు అంటారు. హెన్రీ గాంట్ అనే అమెరికా ఇంజనీరు పేరుమీద వచ్చింది. ఎడమపక్క పనులు, పైన తేదీలు, ఎన్నాళ్ళ పనికి అంత గీత. బ్రహ్మవిద్యేం కాదు. మన ప్రొడక్షన్ మేనేజర్ల కాల్షీట్ల పట్టీకి వేలువిడిచిన చుట్టం!

మా చల్లపల్లి కుర్రాళ్ళు నలుగురు షార్ట్‌ఫిల్మ్ తీస్తూ అలాంటి చార్టే తెచ్చి చూపించారు. పొలం సీనుకు అక్టోబర్ చివరినుంచి డిసెంబర్ మధ్యదాకా ఒకే గీత.

"నిజంగా తీసేది ఎన్నాళ్ళురా?"

"ఆరు రోజులే బాబాయ్. మధ్యలో హీరోకి పరీక్షలు."

మరి ఆ పరీక్షలేవీ? గీత మింగేసింది! మూడు రోజులు గీసి, తెంచి, ఖాళీలో చుక్కలు పెట్టి, అదే వరసలో మిగతా మూడు రోజులూ గీయమన్నాను. ఇది కొత్త పని కాదు, ఆగిన పాత పనే అని ఆ చుక్కలు చెబుతాయి. వేరే వరస పెడితే ఒక సీను రెండైపోతుంది.

ఆ కిందనే వరికోతలు కూడా ఒక గీత గీయించాను. అప్పుడు బయటపడింది అసలు సంగతి. కోతలు సరిగ్గా ఆ చుక్కల కిందికే వచ్చాయి! పరీక్షలకు ముందు పచ్చటి చేలో పరుగెత్తిన హీరోయిన్, పరీక్షలయ్యాక కోసిన మోళ్ళలో నిలబడి వెనక్కి తిరుగుతుందన్నమాట. మీరైతే హాల్లో ఊరుకుంటారా? చేను మన కాల్షీటు చూసి ఆగదుగా. దాంతో పొలం రోజులు ఆరూ ముందుకు లాక్కుని, ఇంటి సీనును తెంచుకున్నారు. గోడలకు కోతలుండవు!

రోజూ జరిగే పని సంగతి వేరు. మా ఊళ్ళో 2014 నవంబర్ నుంచి చీకటితోనే లేచి వీధులు శుభ్రం చేసే స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలున్నారు. ఆ పనిని పొడుగు గీతగా గీస్తే రాత్రింబవళ్ళు చీపురు పట్టుకున్నట్టే. రోజుకో వరస పెడితే చార్టు బస్టాండు దాకా పోతుంది. ఒకే వరసలో పూటకో చిన్న ముక్క చాలు. మధ్యలో చుక్కలక్కర్లేదు, ఏ రోజు పని ఆ రోజుకే పూర్తి. షూటింగులో మేకప్, భోజనాలూ ఈ జాబితాలోవే.

ఇంకోమాట. తెగినచోట కారణం, తేదీలు రాయండి. ఆ రోజుల్లో లైట్‌బాయ్‌కి కూలి ఉండదు. మా కుర్రాళ్ళు ఆ చార్టును లైట్లతనికి ముందే చూపించారు. ఖాళీ రోజులు చూసుకుని అతను రెండు కార్తీకమాసం పెళ్ళిళ్ళు ఒప్పుకున్నాడు.