ముట్టుకుందా, పట్టుకుందా?

కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం. ఖంగుమంటే డబ్బులిస్తాం. డొల్లగా మోగితే పక్కన పెట్టేస్తాం. విమానాల దగ్గరా ఇలాంటి పరీక్ష ఉంది. నాణెంతో తట్టి చప్పుడు వింటారు. అతికించిన పొరల మధ్య ఖాళీ ఉంటే చప్పుడు మారుతుంది. కానీ ఖాళీ లేకుండా ఆనుకునే ఉండి, జిగురుకు పట్టు మాత్రం లేకపోతే? నాణెమే కాదు, అల్ట్రాసౌండ్ కూడా చేతులెత్తేస్తుంది. ఇంజినీర్లు దీనికి ‘కిస్సింగ్ బాండ్’ అని సరసమైన పేరు పెట్టారు. ముట్టుకునే ఉంటుంది, పట్టుకుని ఉండదు!

జిగురు వదిలేస్తే ఏమవుతుందో 1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల్లో తెలిసింది. అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 విమానం 24 వేల అడుగుల ఎత్తులో ఉండగా ముందుభాగం పైకప్పు దాదాపు 18 అడుగుల మేర ఎగిరిపోయింది. ఒక ఎయిర్‌హోస్టెస్ గాలిలోకి కొట్టుకుపోయింది. మిగిలిన 94 మందితో పైలట్లు ఎలాగో మావీ దీవిలో దిగారు. రేకుల అతుకుల్లో జిగురు ఊడి, భారమంతా రివెట్ల మీద పడి, ఆ రంధ్రాల దగ్గర పగుళ్లు పుట్టాయని దర్యాప్తులో తేలింది.

ఇప్పటి విమానాల్లో కార్బన్ ఫైబర్ పొరలు ఎక్కువ. 2011 నుంచి ప్రయాణికులతో ఎగురుతున్న బోయింగ్ 787 బరువులో సగం దాకా ఇలాంటి పదార్థాలే. మరి అతుకును పీకకుండా దాని పట్టు తెలిసేదెలా? ఇక్కడే లేజర్ దెబ్బ పనికొస్తుంది.

పరీక్షించాల్సిన చోట నల్లటి టేపు అంటిస్తారు. దానిమీద పల్చగా నీళ్లు. ఆపైన లేజర్ మెరుపు, పది నుంచి కొన్ని వందల నానోసెకన్ల సేపు. నానోసెకనంటే సెకనులో వందకోట్లో వంతు. టేపు పైపొర క్షణంలో ఆవిరై ఉబ్బుతుంది. నీళ్లు దాన్ని పైకి పోనివ్వవు. ఆరుబయట పేలిన టపాకాయకూ, డబ్బా కింద పేలిన దానికీ తేడా తెలుసు కదా! వేడి టేపుతోనే పోతుంది, తోపు మాత్రం షాక్‌వేవ్‌గా లోపలికి దూసుకెళ్తుంది.

తమాషా ఏమిటంటే, వెళ్లేటప్పుడు ఆ తరంగం పొరలను నొక్కుతుంది. దానివల్ల జిగురుకేమీ కాదు. అవతలి అంచు తాకి వెనక్కి మళ్లినప్పుడే అది లాగే తరంగమవుతుంది. క్యారంబోర్డు మీద వరసగా ఆనించిన కాయిన్లను స్ట్రైకర్‌తో కొడితే చివరిది ఎగిరిపోతుంది చూశారా, అలా. చివరి కాయిన్‌ను జిగురుతో అంటించి ఉంటే, అది పక్కదాన్ని లాగుతుంది. పట్టుంటే నిలుస్తుంది, లేకుంటే విడిపోతుంది. విడిపోతే ఖాళీ ఏర్పడ్డట్టే. ఇప్పుడు అల్ట్రాసౌండ్‌కు అది కనపడుతుంది.

కష్టమంతా దెబ్బ మోతాదులోనే ఉంది. ఎక్కువైతే మంచి అతుకూ పోతుంది, తక్కువైతే చెడ్డదీ గట్టెక్కుతుంది. పైగా ప్రతి పొర సరిహద్దులోనూ తరంగం కొంత వెనక్కి మళ్లుతుంది, దారిలో కొంత నీరసపడుతుంది. అందుకే మందాన్ని బట్టి ముందే లెక్క కట్టుకోవాలి. ఇంత చేసినా, ఈ అతుకు ఈ రోజు ఇంత లాగుడుకు ఆగింది అనే తెలుస్తుంది. పదేళ్లు తేమలో నానాక ఆగుతుందో లేదో ఈ దెబ్బ చెప్పదు. అందుకే కీలకమైన చోట్ల జిగురుకు తోడుగా బోల్టులూ బిగిస్తుంటారు.