గిరిలో ఎవరెవరున్నారు?

"ఆటే కదా ఆంటీ!" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుకొస్తుంది. పేకాటలో ముక్క దాస్తే వూరుకుంటామా? పచ్చీసులో పడ్డ గవ్వని వేలితో తిప్పితే వూరుకుంటామా? చెయ్యి పట్టుకుని నలుగుర్నీ పిలుస్తాం. మరి ఈ కథలాట దగ్గరికొచ్చేసరికి ఇంత వుదారబుద్ధి ఎక్కణ్ణించి పుట్టుకొస్తుందో!

నేను చెప్పేది డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట సంగతి. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు 1974లో బయటపెట్టారు. మా అమ్మాయీ, దాని స్నేహితులూ ఆదివారాలు మా డైనింగు టేబులు మీదే ఆడతారు. నాకూ అందులో ఓ వేషం వుంది. తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెబుతాను. ఒకరు కథ నడుపుతారు. సూత్రధారి అందాం. మిగతావాళ్ళకి తలా ఒక పాత్ర: కత్తివీరుడు, దొంగ, మాంత్రికుడు ఇలా. ఏం చేస్తామో నోటితో చెప్పాలి, అయిందో కాలేదో పాచికలు తేల్చాలి. కత్తివీరుడు ఒక దెబ్బకి ఒక్కణ్ణి కొడతాడు. మాంత్రికుడి సంగతి అలా కాదు. ఫైర్‌బాల్ అనే అగ్గిబంతి విసిరాడంటే, అది పడ్డచోటునించి 20 అడుగుల దూరం వరకూ చుట్టూ వున్నవాళ్ళంతా కాలాల్సిందే. ఇలాంటివాటిని ఏరియా ఎఫెక్టు అంటారు. మన మాటల్లో గిరి గీసి కొట్టడం.

తగాదా అంతా ఆ గిరి దగ్గరే. మాంత్రికుడు "రాక్షసుల మధ్యకి విసిరేశా!" అంటాడు. మన కత్తివీరుడు వాళ్ళతో కలియబడి వున్నాడే అని ఎవరో గుర్తుచేస్తారు. "అయితే కాస్త ఎడంగా వేశాననుకోండి." "ఇంకాస్త ఎడంగా." పెళ్ళివారి షామియానాలాగా గిరిని అటు జరిపి, ఇటు జరిపి, చివరికి రాక్షసులంతా లోపల, మనవాళ్ళంతా బయట! సూత్రధారి సరేనని తలూపుతాడు. నిప్పుకి కూడా బంధుప్రీతి వుంటుందన్నమాట. బాగానే వుంది సంబడం!

నా వాదన చిన్నది. చోటు ముందు చెప్పాలి. చెప్పగానే, పాచికలు ముట్టకముందే, ఆ గిరిలో మాంత్రికుడి కంటికి కనబడేవాళ్ళందరినీ సూత్రధారి పైకి చదవాలి. "నలుగురు రాక్షసులు, మీ కత్తివీరుడు, పొయ్యి పక్కన నక్కిన వంటమనిషి. విసురుతావా?" అని ఒక్కసారి అడగాలి. వద్దనుకుంటే మానుకోనివ్వాలి. విసురుతానన్నాక మాత్రం గిరి అంగుళం జరగకూడదు. ముందు చెప్పకుండా, తర్వాత "నీ స్నేహితుడూ కాలిపోయాడు" అనడం కూడా న్యాయం కాదు, అది వల పన్నడం. రూలు ఇద్దరికీ వుండాలి.

"బొమ్మలూ పటమూ లేకుండా నోటితో ఆడేటప్పుడు ఎవరెక్కడున్నారో ఎలా తెలుస్తుంది?" అంటారు. 2014లో ఐదో ఎడిషన్‌తో వచ్చిన సూత్రధారుల పుస్తకంలో దానికీ లెక్క వుంది. గుండ్రటి దెబ్బయితే వ్యాసార్ధాన్ని 5తో భాగించాలి. 20 అడుగులకి నలుగురు. అయితే ఆ నలుగురూ ఎవరన్నదే కదా అసలు ప్రశ్న! ఆడేవాళ్ళ నోట ఆ నలుగురూ ఎప్పుడూ శత్రువులే. కలియబడి కొట్టుకుంటున్న చోట మనవాడు మాత్రం లెక్కలోకి రాడు.

"తనవాళ్ళని తప్పించగలిగే మాంత్రికులున్నారు కదా?" అంటారు. ఉన్నారు, కాదనను. ఎవొకేషన్ విద్య నేర్చినవాడు అగ్గిబంతి మంటల్లోంచి నలుగుర్ని పైసా నష్టం లేకుండా తప్పించగలడు. కానీ అది అతను కష్టపడి నేర్చుకున్నది. నేర్వని వాడికి కూడా అదే సదుపాయం వూరికే ఇచ్చేస్తే ఆ చదువుకి విలువేముంది? పైగా ఆ నలుగురూ తన జట్టువాళ్ళే అయివుండాలని రూలేమీ లేదు. కళ్ళెదుట వున్న వంటమనిషినైనా ఎంచుకోవచ్చు. ఎవరైనా ఎంచుకోగా నేను చూడలేదు.

నా బాధంతా ఆ వంటమనిషి గురించే. ఐదో ఎడిషన్లో అగ్గిబంతికి ఆరు ముఖాల పాచికలు 8 వేస్తారు. సగటున 28 పాయింట్ల దెబ్బ. చురుగ్గా పక్కకి దూకినవాడికి సగం. ఇక 2014 రాక్షసుల పుస్తకం ప్రకారం మామూలు మనిషి ప్రాణబలం ఎంతో తెలుసా? 4. ఎనిమిది పాచికలూ ఒకట్లే పడ్డాయనుకోండి, మొత్తం 8. దూకి తప్పుకుంటే సగం, 4. అంటే దేవుడు ఎంత కరుణించినా ఆ మనిషి బతకదు. వీరులకి అదృష్టం అక్కరకొస్తుంది, వంటమనిషికి రాదు. ఆవిణ్ణి బతికించగలిగేది విసిరేవాడి వివేకం ఒక్కటే. ఆ వివేకాన్ని వాడే అవకాశమే లేకుండా చేస్తున్నాం మనం.

ఈ అలవాటు ఎక్కడిదో చూడండి. ఈ ఆటకి ముందు 1971లో గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి రాసిన చెయిన్‌మెయిల్ అనే బొమ్మసైన్యాల యుద్ధం ఆట వుంది. అందులో మాంత్రికుడి అగ్గిబంతి పెద్ద రాళ్ళవడిసెల యంత్రం దెబ్బంత మేర పడేది. మామూలుగా ఒక్కో బొమ్మ ఇరవైమంది సైనికులకి గుర్తు. బొమ్మలు పడిపోతే ఏడ్చేదెవరు? 1974 తర్వాత ఒక్కో పాత్రకి పేరొచ్చింది, కథొచ్చింది. అగ్గిబంతి మాత్రం ఆ పాత లెక్కలోనే మిగిలిపోయింది.

మన నాయనమ్మలకి ఇదేం కొత్త కాదు. ఖాండవ దహనంలో తక్షకుడు అసలు ఇంట్లోనే లేడు. మంటల్లో చిక్కుకున్నది అతని భార్యా, బిడ్డా. కొడుకు అశ్వసేనుణ్ణి కాపాడుకోబోయి ఆ తల్లి చచ్చిపోయింది. తప్పించుకున్న ఆ కొడుకే కురుక్షేత్రంలో కర్ణుడి బాణమై అర్జునుడి తలకోసం వచ్చాడు. మంచి సూత్రధారి అంటే నా దృష్టిలో వ్యాసుడే. గిరిలో ఎవరున్నారో రాసిపెట్టుకున్నాడు, మర్చిపోలేదు.

"ఇలా లెక్కపెడుతూ కూచుంటే ఆట చప్పబడదా?" అంటారు. చప్పబడదు సరికదా, రక్తి కడుతుంది. చేతిలో నిప్పు పట్టుకుని ఒక్కక్షణం తటపటాయించిన మాంత్రికుడి కన్నా రుచిగా వుండే కథ ఏముంటుంది?

సామాను లేదనకండి. పటం మీద అంగుళానికి 5 అడుగులు లెక్క. ఎనిమిదంగుళాల టిఫిను ప్లేటు బోర్లించి, అంచు చుట్టూ దారం చుట్టి ముడేస్తే అగ్గిబంతి గిరి సిద్ధం. పేరున్నవాళ్ళకి బొమ్మలు పెట్టండి. పేరులేని వంటమనిషికీ, గుర్రాలవాడికీ, కట్టేసివున్న బందీకీ ఒక్కో చింతగింజ పెట్టండి. దారం లోపల పడ్డ గింజల్ని పైకి లెక్కపెట్టించి, అప్పుడు వాళ్ళ చేతికి పాచికలివ్వండి.