నెత్తురు కనబడితే సాచెట్ చాలదు

రామగుండం ఎండలు అలాంటివి. పిల్లల కడుపులో ఏ తేడా వచ్చినా గోదావరిఖని ఇళ్లల్లో మొదట వచ్చే మాట "వేడి చేసింది". సబ్జా నీళ్లు తాగిస్తారు, సల్ల పోస్తారు, తగ్గకపోతే లక్ష్మీనగర్‌లో మెడికల్ షాపుకు పోయి ప్రోబయోటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా) పొడి తెస్తారు. రెండు రోజుల నీళ్ల విరేచనాలకు ఇది చెల్లుతుంది. మూడు నాలుగు వారాలుగా నెత్తురు, బంక పడుతున్న బిడ్డకు చెల్లదు.

అది పేగుపూత కావచ్చు. డాక్టర్లు ఐబీడీ అంటారు. అందులో పెద్దపేగును పట్టేది అల్సరేటివ్ కొలైటిస్, జీర్ణమార్గంలో ఎక్కడైనా రాగలది క్రోన్స్. ఇది పట్నాల జబ్బని ఒక నమ్మకం ఉంది. హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి డాక్టర్ రూపా బెనర్జీ బృందం తెలంగాణ పల్లెల్లో పరీక్షలు జరిపి 2023లో వెల్లడించిన ఫలితాలు ఆ నమ్మకాన్ని నిలవనివ్వలేదు. కడుపు బాధలతో వచ్చినవాళ్లలో ఐబీడీ వాటా పల్లెల్లోనూ నగరంలోనూ దాదాపు ఒకటే.

మరి ప్రోబయోటిక్ పని చేయదా? చేసిన దాఖలా ఉంది. 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో ఇటలీ డాక్టర్లు కొత్తగా కొలైటిస్ బయటపడిన 29 మంది పిల్లలకు స్టెరాయిడ్లు, మెసలమైన్ వంటి మామూలు మందులన్నీ ఇస్తూనే, కొందరికి వీఎస్ఎల్-3 అనే ఎనిమిది రకాల బ్యాక్టీరియా మిశ్రమాన్ని, మిగిలినవాళ్లకు ఉత్తి పొడిని కలిపి ఇచ్చారు. ఏడాదిలోపు జబ్బు తిరగబెట్టింది మిశ్రమం తీసుకున్న 14 మందిలో ముగ్గురికి, తీసుకోని 15 మందిలో 11 మందికి. ఆశ పుట్టించే ఫలితమే. కానీ పిల్లలు 29 మందే, పైగా మామూలు మందుల్లేకుండా పొడి ఒక్కటే ఎవరికీ ఇవ్వలేదు.

క్రోన్స్ సంగతి వేరు. 2005లో వెలువడిన అమెరికా అధ్యయనంలో 75 మంది పిల్లల మీద లాక్టోబాసిల్లస్ జీజీ అనే ప్రోబయోటిక్‌ను పరీక్షిస్తే మేలేమీ కనబడలేదు. అందుకే యూరప్ పిల్లల వైద్యులు 2018లో తేలికపాటి కొలైటిస్‌కు మాత్రమే, అదీ మందులకు తోడుగానో మెసలమైన్ పడని పిల్లలకో, కొన్ని ప్రోబయోటిక్‌లను ఆలోచించవచ్చన్నారు. అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2020లో ఇంకా గట్టిగా చెప్పింది: ఐబీడీలో ప్రోబయోటిక్‌ను పరిశోధనల్లో తప్ప వాడొద్దు.

షాపులో ఇచ్చిన సాచెట్‌ను ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. చిన్న అక్షరాల్లో బ్యాక్టీరియా పేరు, పక్కన సంఖ్య ఉంటాయి. మన ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ప్రకారం ప్రోబయోటిక్ ఆహారంలో రోజు మోతాదుకు 10 కోట్ల బ్యాక్టీరియా ఉంటే చాలు. ఇటలీ పిల్లలకు బరువును బట్టి రోజుకు 45,000 కోట్ల నుంచి 1,80,000 కోట్ల దాకా ఇచ్చారు. రకం కూడా ఒకటి కాదు. విరేచనాలకని మన దగ్గర ఎక్కువగా అమ్మే బాసిల్లస్ క్లాసీ ఆ ఎనిమిదింటిలో లేదు. అమెరికాలోనైతే 2016 నుంచి వీఎస్ఎల్-3 పేరుతో దొరికే సరుకే మారిపోయింది, పాత మిశ్రమం వేరే పేరుతో అమ్ముతున్నారు.

ఈ పొడి మీద పోయే డబ్బు కన్నా పోయే నెలలే పెద్ద నష్టం. ఐబీడీ ఉన్న పిల్లల్లో ఎదుగుదల ఆగవచ్చు, రక్తం తగ్గవచ్చు, బరువు పెరగకపోవచ్చు. మన దేశంలో ఇంకో చిక్కు, పేగు క్షయ అచ్చం క్రోన్స్‌లాగే కనిపిస్తుంది. క్రోన్స్ మందు క్షయ ఉన్న బిడ్డకు ముప్పు. అది తేల్చాలంటే కొలనోస్కోపీ, బయాప్సీ కావాలి. క్రోన్స్ అని తేలితే ఆరు నుంచి ఎనిమిది వారాలు మామూలు తిండి ఆపి, ప్రత్యేక ద్రవాహారం మీదే ఉంచి చాలామంది పిల్లల్లో జబ్బును అణచగలుగుతున్నారు. స్టెరాయిడ్ అక్కర్లేని ఆ వైద్యం గురించి ఇక్కడి తల్లులకు చెప్పేవాళ్లు కావాలి.

మొదటి అడుగు చిన్నదే. మలంలో ఇన్ఫెక్షన్ పరీక్ష, దాంతోపాటు పేగు వాపును పట్టిచ్చే కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష. నమూనా హైదరాబాద్ ల్యాబుకు పోవచ్చు, బిడ్డ పోనక్కర్లేదు. సింగరేణి బొగ్గు గనుల కంపెనీ అండతో రామగుండంలో 2022లోనే ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. ఈ నమూనాల సేకరణ అక్కడా, కంపెనీ ఏరియా ఆసుపత్రిలోనూ మామూలు పని కావాలి. పర్మనెంటు కార్మికుడి బిడ్డకు హైదరాబాద్ రిఫరల్ ఉంది. ఓపెన్‌కాస్ట్ గనిలో మట్టి తోలే కాంట్రాక్టు డ్రైవర్ బిడ్డకు అంత అండ లేదు. నెలకొక రోజు పిల్లల జీర్ణకోశ నిపుణుణ్ని ఇక్కడికి రప్పించడం సింగరేణికి మోయలేని ఖర్చు కాదు. ఆ ఓపీలో ఈ డ్రైవర్ల పిల్లలనూ చూడాలి.